రెండో చేతి రక్తం

అక్టోబర్ 6, సోమవారం

ఇవాళ వార్డులో క్లాసు చెప్పింది నేను. పదిహేడేళ్ల సర్వీసులో బోర్డు ముందు నిలబడటం ఇదే మొదటిసారి. చెమటలు పట్టాయి గానీ బాగానే మాట్లాడాను. నాకు నేనే చెప్పుకోవాలి, ఇంట్లో ఎవరు అడుగుతారు కనుక.

ల్యాబ్‌కి కొత్త మెషిన్ వచ్చింది. ఇన్నాళ్లూ జ్వరం పేషెంట్ రక్తం బాటిల్లో పోసి పంపితే, అందులో ఏ క్రిమి పెరిగిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలిసేసరికి మూడు నాలుగు రోజులు పట్టేది. ఈలోపు డాక్టర్లు చీకట్లో బాణం వేసినట్టు పెద్ద పెద్ద మందులు వేస్తుండేవారు. ఇప్పుడు బాటిల్లో ఏదో పెరిగిందని తెలిసిన గంటన్నరకే క్రిమి పేరు, అది ఏ మందుకు లొంగదో కూడా ఈ మెషిన్ చెప్పేస్తుందట. హృషికేశ్ సార్ కొత్త బండి కొన్న పిల్లాడిలా దాన్ని రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకుంటున్నారు. మా హాస్పిటల్ మొత్తానికి ఇన్‌ఫెక్షన్ల డాక్టర్ ఆయన ఒక్కరే. ముప్పై ఐదేళ్లు కూడా ఉండవు.

దానికోసమే కొత్త రూలు. రక్తం రెండు చేతుల నుంచి, రెండుసార్లు గుచ్చి, రెండు బాటిళ్లలోకి తీయాలి. చర్మం మీద ఎప్పుడూ కొన్ని క్రిములుంటాయి, అవి పొరపాటున ఒక బాటిల్లో పడొచ్చు. ఒక్క దాంట్లోనే వస్తే చర్మానిదని వదిలేస్తారు. రెండు చేతుల రక్తంలోనూ అదే వస్తే నిజంగా రక్తంలో ఉన్నట్టు. ఇదంతా బోర్డు మీద రెండు చేతుల బొమ్మ గీసి చెప్పాను. ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది వచ్చింది. ట్రైనింగ్ పిల్లలు నవ్వారు.

నాకే ఎందుకు ఇచ్చారంటే, నా చెయ్యి అలాంటిది. మూడో అంతస్తులో ఎవరినడిగినా ‘ఒక్క సూది త్రివేణి’ అనే చెప్తారు. ఎవరికీ నరం దొరకని ముసలివాళ్లకు నన్నే పిలుస్తారు. స్పిరిట్‌తో తుడిచాక మళ్లీ వేలు పెట్టకూడదని కూడా క్లాసులో చెప్పాను. నా సంగతి వేరు. గ్లవ్ చూపుడువేలు చివర చింపుకొని తడిమితే తప్ప నాకు నరం తెలియదు. ఆ ముక్క క్లాసులో చెప్పలేదు, అవసరమేముంది.

అక్టోబర్ 8, బుధవారం

దసరా వెళ్లిందో లేదో జ్వరాలు మొదలు. ఇవాళ ఏడు అడ్మిషన్లు. రింగ్ రోడ్డు దగ్గర బస్సు దొరక్క డ్యూటీకి పది నిమిషాలు లేటు, దానికి తారామణి మేడం ముఖం చూడాలి. ఆమె మా నర్సులందరికీ పెద్ద.

పన్నెండో బెడ్‌లో కొమురెల్లి అని ఒకాయన చేరాడు, అరవై రెండేళ్లు. నాచారంలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ఐదు రోజుల నుంచి చలిజ్వరం, తలనొప్పి. పాతకాలంలో కాలు విరిగితే తొడలో వేసిన రాడ్ ఇంకా ఉంది. పిల్లలు లేరట, భార్య లక్ష్మీనర్సమ్మే వెంట ఉంది. ఆయన్ను చూసి అయ్యో అనిపించింది, మనిషి వణుకుతూనే జోకులేస్తున్నాడు.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“జనగామ దగ్గర, కాకా.”

“మాది ఆలేరు. గట్లయితె మనం మనం ఒకటే. జర మెల్లగ గుచ్చు మల్ల.”

కుడిచేతికి గుచ్చాను. “గుచ్చినవా? నాకు తెలువనే తెలువలే!” అని భార్య వైపు చూసి నవ్వాడు.

రెండు బాటిళ్లూ తీశాను. రెండో చెయ్యి వద్దన్నాడు, చాలు బిడ్డా అన్నాడు. జ్వరంలో ఉన్న మనిషిని ఏం బాధపెడతాం. కుడిచేతి నుంచే రెండూ నింపాను. స్టిక్కర్ల మీద ఒకదానికి కుడి, ఒకదానికి ఎడమ అని రాశాను, లేకపోతే ల్యాబ్‌వాళ్లు వెనక్కి పంపుతారు. ఎటూ ఒకే మనిషి రక్తమేగా.

అక్టోబర్ 9, గురువారం

మెషిన్‌కి బోణీ అయింది, అదీ నా శాంపిల్‌తోనే.

మధ్యాహ్నం కొమురెల్లి బాటిళ్లు రెండింట్లోనూ ఏదో పెరిగిందని ల్యాబ్‌లో అలారం మోగింది. గంటన్నరకు పేరు వచ్చింది. స్టెఫిలోకాకస్ జాతి క్రిమి, మామూలు మందులకు లొంగని రకం. హృషికేశ్ సార్ కాగితం పట్టుకొని మెట్లెక్కి పరుగున వచ్చారు, లిఫ్ట్ కోసం కూడా ఆగలేదు.

“త్రివేణి సిస్టర్, పాత పద్ధతిలో అయితే ఈ పేరు మనకి శనివారం తెలిసేది. రెండు రోజులు మిగిలాయి! మామూలుగా ఇది చర్మం మీద ఉండే రకం. కానీ రెండు బాటిళ్లలోనూ వచ్చింది, ఆయనకి తొడలో రాడ్ కూడా ఉంది. రెండు చేతుల నుంచీ తీశారు కదా?”

“అవును సార్,” అన్నాను.

వెంటనే వాంకోమైసిన్ అనే పెద్ద ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఫోటో తీశారు. మెషిన్ పక్కన సార్, ల్యాబ్‌వాళ్లు, మధ్యలో నేను. ఆ ఫోటోని ఉపేందర్ చుట్టాల గ్రూపులో పెట్టాడు. మా ఆయనకి నా ఉద్యోగం గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. “మా ఇంట్ల సైంటిస్ట్ ఉన్నది” అని రాశాడు. ఇరవై మూడు మంది దండం పెట్టారు, వాళ్ల మేనత్త అయితే పూలదండ బొమ్మ పంపింది, నేనేదో పోయినట్టు.

అక్టోబర్ 10, శుక్రవారం

క్రిమి గుండెకు పాకిందేమోనని గుండె స్కాన్ చేశారు, బాగానే ఉంది. జ్వరం అలాగే ఉంది.

మొన్న ‘వద్దన్నాడు’ అని రాశాను. నోటితో అనలేదు. ముఖం చూస్తే తెలిసిపోతుంది కదా.

ఒక చేతి నుంచి తీసినా రక్తంలో ఉంటేనే కదా బాటిల్లో వస్తుంది. రెండు చేతులకీ గుచ్చినా అదే వచ్చేది. వచ్చేదే.

అక్టోబర్ 11, శనివారం

జ్వరం 103. మందు పనిచేయడానికి టైం పడుతుందన్నారు సార్.

అక్టోబర్ 12, ఆదివారం

వీక్లీ ఆఫ్. పొద్దున్నే చికెన్ తెచ్చి పెట్టాడు ఉపేందర్. అది మాడిపోయింది. పొయ్యి ముందే నిలబడి మాడబెట్టాను.

“ఏమైందే నీకు? ఫోటో దిగినకాడి నుంచి పరేషాన్ పరేషాన్ ఉన్నవ్,” అన్నాడు. తలనొప్పి అన్నాను.

పదకొండింటికి కావ్య ఫోన్ చేసింది. మా వార్డులో కొత్తగా చేరిన భువనగిరి పిల్ల. నేను అడగకుండానే పన్నెండో బెడ్ సంగతి చెప్పింది. క్రియాటినిన్ 2.1కి పోయిందట. చేరిన రోజు 1.0 ఉంది. అంటే కిడ్నీలు దెబ్బ తింటున్నాయి. వాంకో కిడ్నీల మీద పడుతుందని మాకు మొదటి ఏడాదిలోనే చెప్తారు. జ్వరం తగ్గట్లేదంటే క్రిమి రాడ్‌ను పట్టుకొని కూర్చుందని డాక్టర్లందరూ అనుకుంటున్నారట. మంగళవారం తొడ కోసి రాడ్ తీసేస్తారట.

“ఆ కాక నిన్ను అడుగుతుండక్కా. ఒక్క సూది బిడ్డ రాలేదా అంటుండు,” అంది కావ్య.

ఫోన్ పెట్టేసి బట్టలు ఆరేసే వంకతో డాబా మీదికి వచ్చి ఇది రాస్తున్నాను.

నిజం రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

కొమురెల్లి వద్దనలేదు. చాలనలేదు. ముఖం కూడా ముడుచుకోలేదు. కుడిచెయ్యి అయ్యాక ఎడమచెయ్యి ఆయనే చాపాడు. “గిది గూడనా? తీస్కో బిడ్డా” అన్నాడు. నేను గుచ్చాను. దొరకలేదు. సూది లోపలే అటు తిప్పాను, ఇటు తిప్పాను. దొరకలేదు. వెనక కావ్య, ఇంకా ఇద్దరు ట్రైనింగ్ పిల్లలు. అంతకు రెండు రోజుల ముందు నేను బోర్డు మీద బొమ్మ గీస్తే నవ్విన పిల్లలే. ఒక్క సూది త్రివేణికి సూది తప్పిందని టీ టైంకల్లా మూడో అంతస్తంతా తెలిసిపోతుంది. దూది అదిమి, “ఈ చేతికి నరాలు మంచిగ లేవు” అని, మళ్లీ కుడిచేతికి వచ్చి సెలైన్ కోసం అక్కడే ఉంచిన సూది నుంచే రెండో బాటిల్ నింపాను. పైగా పిల్లల వైపు తిరిగి, “పెద్ద వయసోళ్లకు గిట్లనే చెయ్యాలె” అన్నాను. అన్నాను! ఏమీ అనకుండా ఉన్నా పోయేది.

ఇంకోటి కూడా రాయాలి. కుడిచేతికి స్పిరిట్ తుడిచాక, ఆరకముందే, చింపిన గ్లవ్‌లోంచి వేలు పెట్టి నరం తడిమాను. సూది దిగింది సరిగ్గా అక్కడే. ఆ బాటిళ్లలో పెరిగింది ఆయన రక్తంలోది కాకపోవచ్చు. నా వేలిది. నా వేలి మీది క్రిమికి వేస్తున్న మందుతో ఆయన కిడ్నీలు పాడవుతున్నాయి, దానికోసమే ఆయన తొడ కోస్తారు.

గురువారం సార్ అడిగినప్పుడు ఒక్క మాట చెప్తే అయిపోయేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఫోటో దిగాను. ఛీ.

రేపు వెళ్లగానే చెప్తాను. ముందు సార్ దగ్గరికే వెళ్తాను.

అక్టోబర్ 13, సోమవారం

వెళ్లగానే చెప్పలేదు.

ఏడుంబావుకే తారామణి మేడం పన్నెండో బెడ్ ఆపరేషన్ కాగితం నా చేతిలో పెట్టి సంతకం తీసుకోమంది. తీసుకెళ్లాను. లక్ష్మీనర్సమ్మ కళ్లజోడు లేదని కాగితం దూరంగా పట్టుకొని చూసింది.

“కాలు కొయ్యకుంటె కాదా బిడ్డా? నడుస్తనే ఉండె గదా మొన్నటిదాంక.”

“డాక్టర్లు చూసి చెప్తరమ్మా.”

“యాడ పెట్టాలె?”

ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాను. పెట్టింది. పేరు రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, ప్రతి అక్షరం గీసింది. కొమురెల్లి కళ్లు మూసుకొనే ఉన్నాడు. ఆయన ముఖం ఉబ్బింది.

ఆ కాగితం ఫైల్లో పెట్టి రెండు బెడ్లకు ఇంజెక్షన్లు ఇచ్చాను. టీ తాగాను. టీ కూడా తాగాను నేను. పదిన్నరకు క్రియాటినిన్ 2.6 అని వచ్చింది. అప్పుడు వెళ్లాను.

సార్ గదిలో ఒక్కరే ఉన్నారు, కంప్యూటర్ వైపు చూస్తున్నారు.

“సార్, పన్నెండో బెడ్ కల్చర్... రెండు చేతులు కాదు సార్. ఒకటే చెయ్యి.”

“ఏంటి?”

“ఒకటే గుచ్చుడు. రెండు బాటిళ్లు దాంట్లకెల్లే నింపిన. ఎడమ అని నేనే రాసిన.”

“నేను అడిగాను కదా సిస్టర్, గురువారం.”

“అడిగిన్రు సార్.”

“మీరు అవునన్నారు.”

“అన్న సార్.”

వేలి సంగతి కూడా చెప్పాను. సార్ నా చేతి వైపు చూశారు. నేను వెనక్కి దాచుకున్నాను, చిన్నపిల్లలా. ఆయన ఫోన్ తీసి ముందు వాంకో ఆపమన్నారు. తర్వాత ఆపరేషన్ థియేటర్‌కి చేసి రేపటి కేసు ఆపమన్నారు. ఫోన్ పెట్టేశాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“నాలుగు రోజులు, సిస్టర్.”

“తిట్టున్రి సార్.”

“తిట్టడానికి టైం లేదు. పదండి, పేషెంట్‌ని చూడాలి.”

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు రోజులు అని మాత్రం అన్నారు, అది తిట్టు కాదు, లెక్క కూడా సరైనదే.

మళ్లీ రక్తం తీసింది కావ్య, రెండు చేతులకు, సార్ ఎదురుగా. తర్వాత ఆ పిల్లను స్టోర్ రూంలోకి పిలిచి అడిగాను.

“నువ్వు చూసినవ్ గదనే ఆ రోజు. ఎందుకు చెప్పలే?”

“మీరే నేర్పిస్తిరి గదక్కా క్లాసు. మీకు తెల్వదా అనుకున్న.” తల వంచుకుంది. “పెద్ద వయసోళ్లకు గిట్లనే చెయ్యాలె అంటిరి. నేను గూడ గట్లనే ఇద్దరికి చేసిన.”

ఏ బెడ్లో అడిగి, వెంటబెట్టుకొని సార్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ పిల్ల ఏడుస్తూ వచ్చింది. అదృష్టం, ఆ ఇద్దరికీ బాటిళ్లలో ఏమీ పెరగలేదు. నా అదృష్టమా వాళ్ల అదృష్టమా తెలియదు.

అక్టోబర్ 14, మంగళవారం

సార్ నిన్న సాయంత్రమే కొమురెల్లిని తల నుంచి కాలి వరకు మళ్లీ చూశారట. మొలతాడు పక్కకు జరిపితే దాని కిందే నల్లటి పెచ్చు, బీడీతో చురక పెట్టినట్టు. నొప్పి లేదు కాబట్టి ఆయనా చెప్పలేదు, మేమూ చూడలేదు. రోజూ ఒళ్లు తుడిచింది మేమే.

దసరా ముందు జవహర్‌నగర్‌లో తెలిసినవాళ్ల జాగాలో పొదలు కొట్టడానికి వెళ్లాడట. ఆ పెచ్చు పొదల్లో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు కుట్టిన చోటు, ఆ పురుగు వల్ల వచ్చే జ్వరాన్ని స్క్రబ్ టైఫస్ అంటారు. మా బాటిళ్లలో అది ఎన్ని రోజులు పెట్టినా పెరగదు. దానికి వేరే పరీక్ష ఉంది. ఇవాళ చేస్తే ఉందని వచ్చింది. దానికి మందు కూడా మామూలు గోళీ, పెద్ద ఇంజెక్షన్ ఏమీ కాదు.

“మొదటి రోజే ఈ పరీక్ష రాద్దామనుకున్నాను,” అన్నారు సార్. “మర్నాడు మెషిన్ పేరు చెప్పేసరికి వెతకడం మానేశాను.”

ఆయన తప్పు కూడా ఉందని విని నా ప్రాణం కాస్త తేలికపడింది. పడిందని రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 15, బుధవారం

తారామణి మేడం గదికి పిలిచారు. అరవలేదు. మంచినీళ్లు ఇచ్చారు.

“నువ్వే వచ్చి చెప్పినవ్, అది మంచిగైంది. నెల రోజులు రక్తం తీసుడు బంద్, మల్ల ట్రైనింగ్. ఆయన ఇంట్లోళ్లకు మాత్రం ఏం చెప్పకు. ఆ జ్వరానికి గూడ కిడ్నీలు దెబ్బతింటయి. జ్వరంతోటే అయిందంటం. అది గూడ అబద్ధం కాదు.”

సార్ మాత్రం కేస్ షీట్లో అంతా రాశారు. ఒక చేతి నుంచి తీసిన శాంపిల్, అవసరం లేని వాంకో నాలుగు రోజులు. నా పేరు రాయలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిందేనని పైవాళ్లతో వాదించారట. చూద్దాం అన్నారట.

క్రియాటినిన్ 4.0.

అక్టోబర్ 17, శుక్రవారం

జ్వరం పూర్తిగా పోయింది. మూత్రం రోజంతా కలిపి టీ గ్లాసుడు. క్రియాటినిన్ 5.9. సాయంత్రం డయాలసిస్‌కి తీసుకెళ్లారు.

జ్వరం వల్లే అయ్యుండొచ్చు. సగం జ్వరం, సగం మందు. లేకపోతే ముప్పాతిక జ్వరం. సార్‌ని అడిగితే “ఎవరూ విడదీసి చెప్పలేరు, సిస్టర్” అన్నారు. నాకు అడగడానికి నోరెలా వచ్చిందో.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. పండగ డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నాను.

రెండో డయాలసిస్ అయింది. లక్ష్మీనర్సమ్మ పొద్దున ఇంటికి వెళ్లి పండక్కి తీపి గర్జెలు చేసుకొని వచ్చింది. వార్డంతా పంచింది. నాకు మాత్రం వేరే డబ్బా.

“మీ ఇంటికి తీస్కపో బిడ్డా. కాలు కొయ్యకుండ ఆపించింది నువ్వేనట గదా. ఆ కావ్య చెప్పింది, త్రివేణక్క పోయి సార్‌కు చెప్పినంకనే ఆపరేషన్ ఆగిందని. నీ చెయ్యి సల్లగుండ.”

కావ్య మంచికే చెప్పి ఉంటుంది. డబ్బా తీసుకున్నాను. తీసుకున్నాను! ఉపేందర్ నాలుగు తిన్నాడు, మస్తున్నయి అన్నాడు. నేను ఒకటి నోట్లో పెట్టుకొని బాత్రూంలోకి వెళ్లి ఉమ్మేశాను.

అక్టోబర్ 21, మంగళవారం

చెప్పలేదు.

అక్టోబర్ 22, బుధవారం

ఇవాళ చెప్పాను.

పదింటికి మూడో డయాలసిస్ మొదలైంది. లక్ష్మీనర్సమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఉద్యోగం పోతే పోనీ అని కూర్చున్నాను అని రాస్తే గొప్పగా ఉంటుంది గానీ, కాదు. ఇంకోసారి ఆమె ‘నీ చెయ్యి సల్లగుండ’ అంటే వినలేను, అందుకు.

“అమ్మా, పెద్దాయనకు నాలుగు రోజులు ఎక్కించిన మందు అక్కెరలేని మందు. నా వల్ల ఎక్కించిన్రు.”

“నీ వల్లనా? నువ్వు డాక్టరువా?”

“రక్తం నేను తప్పు తీసిన. రెండు చేతులకు గుచ్చాలె. ఒక్కదానికే గుచ్చి రెండని రాసిన. నా వేలు తాకి చెడిపోయిన రక్తాన్ని చూసి డాక్టర్లు లేని రోగం ఉందనుకున్నరు. కాలు కోస్తమన్నది గూడ అందుకే. కిడ్నీలకు జ్వరం ఎంత చేసిందో ఆ మందు ఎంత చేసిందో ఎవరికీ తెల్వదు. అవి మొత్తం మంచిగైతయో లేదో గూడ ఇప్పుడే చెప్పలేరు.”

ఆమె డయాలసిస్ గది తలుపు వైపు చూస్తూనే అడిగింది.

“రెండోది ఎందుకు గుచ్చలే?”

“గుచ్చిన. దొరకలే.”

“దొరకకుంటె ఇంకోపారి గుచ్చొద్దా?”

“గుచ్చాలె.”

“మరి?”

“పిల్లలు చూస్తుండె. నా పేరు పోతదని.”

చెప్పాక ఆ మాట నా చెవికే ఎంత చిన్నగా వినిపించిందో. ఆమె అరిస్తే వార్డంతా వచ్చేది, దానికీ సిద్ధపడ్డాను. ఆమె అరవలేదు.

“ముప్పై ఏండ్లు కొలిమి ముంగట నిలబడ్డడు ఆ మనిషి. కాలు ఇరిగిననాడు గూడ అబ్బా అనలే. ఇంకొక్క సూదికి సచ్చిపోతుండెనా?”

“లేదమ్మా.”

“సంతకం పెట్టిననాడు నా పక్కనే ఉంటివి. యాడ పెట్టాల్నో నువ్వే సూపిస్తివి.” అప్పుడు నా వైపు తిరిగింది. “ఆనాడు నీకు తెలుసు.”

“తెలుసు.”

కొంగుతో ముఖం తుడుచుకుంది. గర్జెల డబ్బా సంగతి ఎత్తుతుందేమో అనుకున్నాను, ఎత్తలేదు. “పో సిస్టర్, పోయి నీ పని సూస్కో,” అంది. ఇన్ని రోజుల్లో నన్ను సిస్టర్ అనడం ఇదే మొదలు.

చెప్పానని తారామణి మేడంకి కూడా నేనే చెప్పాను. రేపు పైవాళ్ల దగ్గరికి పిలుస్తారట. పిలవనీ.

అక్టోబర్ 23, గురువారం

మూత్రం కొంచెం పెరిగింది. ఇంకో వారం చూస్తే గానీ డయాలసిస్ ఆపుతారో లేదో చెప్పలేమన్నారు సార్.

పొద్దున క్రియాటినిన్‌కి రక్తం తీయాలి. నాకు తీసే పని లేదు, కావ్యకు ట్రే పట్టుకొని వెనక వెళ్లాను. కొమురెల్లి నన్ను చూసి దిండుకు ఆనుకొని లేచి కూర్చున్నాడు. సగం మనిషి అయిపోయాడు, గొంతు మాత్రం అదే.

“అగో, మా ఒక్క సూది బిడ్డ వచ్చింది,” అని నా వైపే చెయ్యి చాపాడు.

లక్ష్మీనర్సమ్మ ఆ చెయ్యి పట్టుకొని మెల్లగా దుప్పటి కిందికి పెట్టింది. “ఆమె వద్దు. ఆ పిల్ల తీస్తది.”

“గదేందే? ఈమె గుచ్చితె నొప్పే ఉండదు గదా.”

ఆమె ఆయనకు చెప్పలేదని అప్పుడు అర్థమైంది. నా ముఖంలోకి చూసింది. చెప్పాను. కావ్య ముందే, పక్క బెడ్ల వాళ్లు వింటుండగానే చెప్పాను. ఎడమచేతికి గుచ్చితే దొరకలేదని, అందరి ముందు తప్పానన్న నామోషీకి మళ్లీ గుచ్చలేదని, కుడిచేతి రక్తానికే రెండు పేర్లు రాశానని. మిగతాది కూడా.

ఆయన దుప్పటి కిందనుంచి ఎడమచెయ్యి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“నేనే ఇస్తి గద బిడ్డా ఈ చెయ్యి,” అన్నాడు. కోపంగా అనలేదు, అర్థం కానట్టు అన్నాడు. “వద్దన్ననా నేను?”

“అనలే కాకా.”

ఆ చెయ్యి కావ్యకు ఇచ్చి ముఖం అటు తిప్పుకున్నాడు. కావ్యకు కూడా నరం వెంటనే దొరకలేదు, మూడుసార్లు గుచ్చింది. మూడుసార్లూ ఆయన కిక్కురుమనలేదు. నేను దూది పట్టుకొని నిలబడ్డాను.